ఎనిమిది కిలోలు

పొద్దున్నే మమ్మల్ని తూచేవాడు ఫెన్విక్.
స్నానాలగదిలో ఉండే చిన్న కాటా,
గడ్డిలో ఒరిగిపోకుండా కింద ఒక పలక.
బూట్లతో సహా ఎక్కాలి, సంచితో సహా, సిగ్గుతో సహా.
ఊర్సులా తన అంకె పైకి చదవనిచ్చేది కాదు,
కాగితం మీద రాసి మడిచి ఇచ్చేది, ఓటు వేసినట్టు.

నాలుగు బుల్లి విమానాలు, తొమ్మిది మందిమి.
రెక్కలకు బలపం కట్టుకుని
ఆర్క్నీ ఉత్తరపు దీవులన్నీ తిరుగుతున్నాం.
దీవికో ముద్ర, ముద్ర పక్కన తేదీ.
ఆరు పేజీలు నిండాయి.
ఎక్కడ టీ తాగామో, ఎక్కడ కుక్క తరిమిందో
అప్పటికే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఏడో దీవి మీద రెండు చుట్లు తిరగాల్సి వచ్చింది.
రన్‌వే నిండా గొర్రెలు.
కింద చేతులు ఊపుతూ ఒక మనిషి, అతనికంటే ముందు కుక్క.
పెళ్లి పంక్తిలోంచి లేచిన పెద్దల్లా
గొర్రెలు తీరిగ్గా పక్కకు జరిగాయి.
దిగేసరికి అదే మనిషి ఫైరింజన్‌లో, హెల్మెట్ పెట్టుకుని.
మధ్యాహ్నం ఉత్తరాలు పంచిందీ అతనే, మాన్సీ.
ఇక్కడెప్పుడైనా మంట లేచిందా అని అడిగాను.
"ఒకసారి," అన్నాడు. "మా వంటింట్లో."

సాయంత్రం సముద్రం మీంచి పొగమంచు లేచొచ్చింది.
మూడు రోజులు
మా విమానాలు మాకే కనపడలేదు.
థోరా ఇంట్లో నేల మీద పడుకున్నాం,
బురదనేల తవ్వి ఎండబెట్టిన మట్టి ఇటుకల పొగలో.
మొదటిరోజు వాతావరణాన్ని తిట్టాం.
రెండోరోజు ఒకర్నొకరం.
మూడోరోజు ఫెన్విక్ గోడ కడుతున్నాడు,
తొందరపడ్డ రాయినల్లా థోరా తీసి మళ్లీ పెట్టిస్తోంది.

గోడవార పెట్టె మీద ఒక అకార్డియన్.
శీతాకాలం నుంచీ ఎవరూ ముట్టుకోలేదంది.
తమ్ముడిది. అంతే చెప్పింది.

నాలుగోరోజు ఆకాశం తేటపడింది.
ఇంజన్లు వేడెక్కుతుండగా తోపుడుబండిలో దాన్ని తోసుకొచ్చింది.
"ఎనిమిదో దీవిలో మా చెల్లెలు. పడవ ఎప్పుడొస్తుందో తెలీదు."
ఫెన్విక్ లెక్క చూశాడు.
మా విమానంలో మిగిలిన బరువు ఎనిమిది కిలోలు.
అకార్డియన్ పదకొండు.
ఎవరూ మాట్లాడలేదు. గాలిసంచీ ఒకటే కొట్టుకుంటోంది.
చివరికి ఫెన్విక్ తన కెమెరా స్టాండు దించాడు,
నేను దీవుల గురించిన పుస్తకాలు దించాను.
మూడు కిలోల రెండు వందలు.
థోరా అట్టలు చూసింది. "పొయ్యి రాజేసుకోవచ్చా?" అంది.
నవ్విందో లేదో గాలిలో తెలియలేదు.

అందరిలోకీ తేలికని నేనే,
అది నా ఒళ్లోనే కూర్చుంది.
మూడు వేల అడుగుల దగ్గర, బయట గాలి పలచబడ్డాక,
దాని పొట్ట ఉబ్బడం చేతులకు తెలిసింది.
పట్టీ బిగుసుకుంది.
కింద అలల తెల్లటి కుట్లు,
ఒక దీపస్తంభం, దాని నీడ.
చూద్దామని వంగాను, మోచెయ్యి ఒక మీటకు తగిలింది.

ఒకే స్వరం. పొడుగ్గా, కాస్త బొంగురుగా,
ఇంజన్ మోతలో కూడా వినపడేలా.
ఫెన్విక్ వెనక్కి తిరిగాడు.
చెయ్యి తీసేసరికి సగం గాలి పోయింది.
చలికాలం నుంచీ ఎవరూ కదపని గాలి,
ఆ పొయ్యి పక్కది,
అతను చివరిసారి మూసిపెట్టినది.
ముఖానికి తగిలింది. మట్టిపొగ వాసన.

ఎనిమిదో దీవిలో చెల్లెలు రాలేదు,
ఈతకొచ్చిన గొర్రెల దగ్గరుందట.
అక్కడి ఫైరింజన్ మనిషి, ఒక అమ్మాయి,
పెట్టెను ఉత్తరాల సంచీల మధ్య పెట్టుకుంది.
"జాగ్రత్తగానే వచ్చిందా?" అంది.
వచ్చిందన్నాను.
ఆమె బండి మలుపు తిరిగేదాకా నిలబడి,
తర్వాత కొంచెం దూరం దాని వెనకాలే పరిగెత్తాను,
ఒక మాట చెప్పడం మరిచానని అరుస్తూ.